కట్టు విప్పిన తరువాత: కదిరి సీమలో వృద్ధుల కంటి వైద్యం

ముసలితనంలో వచ్చే కంటి జబ్బులకు ఒక్కరోజు వైద్యం చాలదు. శుక్లం తీయించుకున్న కంటిని నెల, నెలన్నర కనిపెట్టుకుని ఉండాలి. నీటికాసులు ఉన్నవాళ్ళు బతికినన్నాళ్ళూ చుక్కల మందు వేసుకోవాలి, కొన్ని నెలలకోసారి కంటి ఒత్తిడి చూపించుకోవాలి. సుగరున్నవాళ్ళకు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపలి నరం పరీక్ష తప్పదు. ఈ తిరిగి చూపించుకోవడం ఎక్కడ జరగాలి, పెద్దాసుపత్రిలోనా, ఊరి దగ్గరా అన్న ప్రశ్న అన్ని దేశాల్లోనూ ఉంది. అనంతపురం మెట్టలో అది బస్సు చార్జీతో, తోడు వచ్చే మనిషితో, ఆ ఏటి శనక్కాయ పంటతో ముడిపడి ఉంటుంది.

ఈ మెట్టలోని తనకల్లు అనే ఊరు కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో, కదిరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో ఉండి, తరువాత అనంతపురం జిల్లాలో కలిసింది. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు తనకల్లు మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇన్ని ఏలుబడులు మారినా ఒక సంగతి మారలేదు. కంటి ఆపరేషన్ ఏదో ఒక రూపంలో ఈ ఊళ్ళకు అందుతూనే వచ్చింది. ఆపరేషన్ తరువాతి చూపు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండిపోయింది.

మొదటి రూపం సూది. శుక్లం పట్టిన కంటిలోకి సన్నని సూది దింపి, తెల్లబడిన కటకాన్ని కంటి వెనక భాగంలోకి నెట్టెయ్యడం సుశ్రుత సంహితలో వర్ణించిన పద్ధతి. ఆ గ్రంథంలో ఆపరేషన్ తరువాత రోగి ఎలా పడుకోవాలి, ఏం తినాలి, దగ్గు తుమ్ము ఎలా ఆపుకోవాలి అన్న నియమాలు కూడా ఉన్నాయి. ఊరూరా తిరిగే సూది వైద్యుల చేతుల్లోకి వచ్చేసరికి సూది మిగిలింది, నియమాలు పోయాయి. కటకం పక్కకు జరగగానే వెలుతురు లోపలికి వస్తుంది. గుడ్డివాడికి మనిషి ఆనుతాడు. ఊరంతా చూస్తుండగా వైద్యుడు వేళ్ళు లెక్కపెట్టించి, తన సొమ్ము తీసుకుని వెళ్ళిపోతాడు. చీము పట్టడం, కంటి లోపల ఒత్తిడి పెరగడం మొదలయ్యేనాటికి అతను నాలుగూళ్ళు దాటి ఉంటాడు.

దీన్ని శ్రద్ధగా నమోదు చేసినవాడు రాబర్ట్ హెన్రీ ఇలియట్. మద్రాసులో 1819లో మొదలైన కంటి ఆసుపత్రి ప్రపంచంలోనే బాగా పాతవాటిలో ఒకటి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దానికి ఆయన అధిపతి. సూది వేయించుకుని చూపు పోగొట్టుకున్నవాళ్ళు ఆ ఆసుపత్రికి చివరి ఆశగా వచ్చేవాళ్ళు. వందలాది అలాంటి కళ్ళను పరిశీలించి, తరువాత దాని మీదే ఆయన ఒక పుస్తకం రాశాడు. సూది వైద్యుడికి తన ఫలితాలు తెలియవన్న మాట అందులోంచి బయటపడుతుంది. బాగుపడిన రోజు మాత్రమే అతను రోగిని చూస్తాడు, చెడిన రోజు చూడడు. ఆ అజ్ఞానం ఒక్క సూది వైద్యుడిదే కాదని తరువాతి వందేళ్ళు చెబుతాయి.

ఇలియట్ పేరు నీటికాసుల చికిత్సలో కూడా నిలిచిపోయింది. కంటి లోపలి నీరు బయటికి పోయేందుకు నల్లగుడ్డు అంచున చిన్న గుండ్రటి రంధ్రం చేసే ఆపరేషన్‌ను ఆయన 1909లో మద్రాసులో మొదలుపెట్టాడు. ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. అయితే ఆ రంధ్రం మీది పల్చటి పొర ఏళ్ళ తరువాత కూడా చీము పట్టే ప్రమాదం ఉందని అనుభవం మీద తేలింది. ఆపరేషన్ అయినవాళ్ళను బతికినంతకాలం ఎవరో ఒకరు చూస్తుండాలన్నమాట. మద్రాసు నగరంలో ఉన్నవాడికి అది కొంత సాధ్యం. సీమ పల్లెల నుంచి వచ్చినవాడు ఇంటికి పోయి మళ్ళీ వచ్చే మాట కల్ల.

1890లలో ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు రైలు పడ్డాక దూరం కొంత తగ్గింది. పాకాల నుంచి కాట్పాడి, అక్కడి నుంచి రాయవేలూరు. సీమ జనానికి పెద్ద జబ్బంటే రాయవేలూరే గుర్తొచ్చే రోజులకు ఈ రైలు దారి కూడా ఒక కారణం. ఐడా స్కడర్ 1902లో అక్కడ నెలకొల్పిన షెల్ ఆసుపత్రి తరువాతి కాలంలో క్రైస్తవ వైద్య కళాశాలకు కంటి ఆసుపత్రి అయింది. 1940ల చివర విక్టర్ రాంబో అనే అమెరికన్ వైద్యుడు ఆ కళాశాల నుంచి పల్లెలకు కంటి శిబిరాలు నడిపించాడు. రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి దగ్గరికి పోవాలన్నది ఆయన పట్టుదల.

ఇక శిబిరాల యుగం. బెంగళూరు కేంద్రంగా పనిచేసిన డాక్టర్ ఎం.సి. మోదీ 1943 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం ఊరూరా తిరిగి సామూహిక కంటి ఆపరేషన్లు చేశాడు. ఒక్కరోజులో 833 శుక్లం ఆపరేషన్లు చేసినట్టు గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. 1993 నాటికి ఆయన చేసిన ఆపరేషన్ల లెక్క ఆరు లక్షలు దాటింది. ఆ కాలపు శిబిరం బడి వరండాలోనో, సత్రంలోనో, పందిరి కిందో జరిగేది. శుక్లాన్ని కటకంతో సహా మొత్తంగా బయటికి తీసేవాళ్ళు. కోత పెద్దది, కుట్లు తక్కువ. అందుకని రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టి, కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. నమలకుండా మింగే జావలాంటివే ఆహారం. దగ్గితే కోత విచ్చుకుంటుందని బీడీ మాన్పించేవాళ్ళు.

ఈ కఠినమైన పద్ధతికి ఒక మంచి గుణం ఉండేది, అనుకోకుండా వచ్చింది. రోగి దాదాపు వారం రోజులు అక్కడే ఉండాలి. కాబట్టి మొదటి వారం కనిపెట్టి చూడడం దానంతటదే జరిగిపోయేది. కట్టు విప్పిన రోజుతో అది ఆగిపోయేది. కటకం లేని కంటికి పది పవరు దాకా ఉండే మందపాటి అద్దాలు కావాలి. గాయం మానాక నెలన్నరకు కొలతలు తీసి ఇస్తే ఆ అద్దాలు సరిగ్గా కుదురుతాయి. శిబిరం ఎత్తేశాక నెలన్నరకు అక్కడ ఉండేదెవరు? చాలాచోట్ల కట్టు విప్పినప్పుడే అందరికీ ఒకే రకం అద్దాలు చేతిలో పెట్టి పంపేవాళ్ళు. అవి పగిలినా, గీతలు పడినా, మనవడి ఆటలో పోయినా, బాగుపడిన కన్ను మళ్ళీ చీకటే. ఆపరేషన్ లెక్కలో ఆ కన్ను ఎప్పటికీ విజయంగానే ఉంటుంది.

భారత ప్రభుత్వం 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంట్లను నియమించడం ఆ కార్యక్రమపు మంచి పనుల్లో ఒకటి. చూపు కొలిచి, అద్దాలు రాసి, శుక్లం ముదిరినవాళ్ళను గుర్తించి పంపగలిగిన మనిషి మండలం స్థాయిలో ఉండాలన్నది దాని ఆలోచన. పల్లె జనం అతన్నే కంటి డాక్టరు అని పిలుస్తారు. అయితే ఈ ఉద్యోగిని చాలాకాలం శిబిరాలకు రోగులను పోగుచేసే మనిషిగానే వాడుకున్నారు. ఆపరేషనయి తిరిగొచ్చినవాళ్ళ కళ్ళు చూసే బాధ్యత రాతలో ఉన్నా దాన్ని అడిగేవాడు లేడు. పైనుంచి అడిగేది ఈ ఏడాది ఎన్ని ఆపరేషన్లు అన్న ఒక్క అంకెనే. అడిగిన దానికే లెక్క తయారవుతుంది.

1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లం అంధత్వ నివారణ పథకం నడిచింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. పందిళ్ళ కింద ఆపరేషన్లు తగ్గించి, శిబిరంలో పరీక్ష మాత్రం చేసి, రోగిని బస్సులో ఎక్కించి స్థిరమైన ఆసుపత్రికి తీసుకుపోయే పద్ధతి ఈ కాలంలోనే గట్టిపడింది. కృత్రిమ కటకం కంటి లోపలే అమర్చడం కూడా అప్పుడే పల్లెదాకా వచ్చింది. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటిసారి చేసిన పని సీమ అవ్వకు అందడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. దీనితో మందపాటి అద్దాల బాధ పోయింది, పోయిన అద్దాలతో వచ్చే రెండో గుడ్డితనమూ పోయింది. చిన్న కోత వల్ల మరునాడే ఇంటికి పంపే వీలు కలిగింది.

ఇక్కడే తిరకాసు. ఆసుపత్రిలో వారం పడుకునే రోజుల్లో దానంతటదే జరిగిన కనిపెట్టుకునే పని ఇప్పుడు పూర్తిగా ఇంటిమీద పడింది. మరునాటి పరీక్ష ఆసుపత్రిలో అవుతుంది. వారానికోసారి, నెలకోసారి రమ్మన్నది చీటీ మీద మిగులుతుంది. చుక్కల మందు రోజుకు ఇన్నిసార్లని మొదలుపెట్టి వారం వారం తగ్గించాలి. ఒంటరిగా ఉండే ముసలావిడ తన కంట్లో తానే చుక్క పడేటట్టు వేసుకోవడం చేసి చూస్తేగాని తెలియని కష్టం. ఎర్రబడి నొప్పి మొదలైతే ఒకటి రెండు రోజుల్లో వైద్యుడు చూడాలి. ఏళ్ళ తరువాత కటకం వెనక పల్చటి పొర ఏర్పడితే లేజర్‌తో నిమిషాల్లో తొలగించవచ్చు, కాని మళ్ళీ పొర వచ్చింది, ఇంతే రాసుంది అనుకుని ఊరుకునేవాళ్ళే ఎక్కువ. 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లమని తేలింది. అదే జాబితాలో శుక్లం ఆపరేషన్ వల్ల వచ్చిన చిక్కులు 7.2 శాతం, నీటికాసులు 5.5 శాతం. ఆపరేషన్ తరువాతి చిక్కులు నీటికాసుల కంటే పై వరుసలో ఉన్నాయన్న ఆ చిన్న అంకెకు దక్కాల్సినంత చర్చ దక్కలేదు.

నీటికాసులు, సుగరు కన్ను శుక్లంలా ఒక్క కోతతో తీరేవి కావు. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించింది. నీటికాసులున్నవాళ్ళలో అత్యధికులకు ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదని అందులో బయటపడింది. అనంతపురం ఆ పరిశీలనలో లేదు. వానలోటు నేల మహబూబ్‌నగర్‌ను చూసి కొంత ఊహించుకోవచ్చు. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. మందు చేసే మేలు రోగికి కనపడదు, మానేస్తే జరిగే చెడూ వెంటనే కనపడదు. అలాంటి మందుకు నెలనెలా డబ్బు పెట్టడం, దానికోసం దూరపు ఆసుపత్రికి పోయి రావడం కరువు సీమలో ఎంతకాలం నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఈ చిక్కుకు తెలుగు నేల మీదే ఒక జవాబు రూపుదిద్దుకుంది. 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నగరంలోని పెద్దాసుపత్రి ఒక్కటే చాలదని మొదటే గుర్తించాడు. 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ కంటి ఆసుపత్రి మొదలైంది. తరువాత అది అంచెల నిర్మాణమైంది. అట్టడుగున ఊళ్ళలో తిరిగే కార్యకర్తలు, దాదాపు 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు పైబడిన జనాభాకు ఒక గ్రామీణ ఆసుపత్రి, పైన పెద్దాసుపత్రి. 50,000 అంటే సీమలో సుమారుగా ఒక మండలం. దృష్టి కేంద్రంలో ఉండేది వైద్యుడు కాదు, ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతో యువకుడో. అద్దాలు ఇవ్వడం, ఒత్తిడి కొలవడం, అనుమానం వస్తే పై అంచెకు పంపడం వాళ్ళ పని. పోయినవాడు తిరిగొచ్చాక చూసేదీ వాళ్ళే. తమిళనాట అరవింద్ కంటి ఆసుపత్రి కూడా 2004 నుంచి ఇలాంటి కేంద్రాలు తెరిచి, కెమెరాల ద్వారా వైద్యుడితో రోగిని మాట్లాడించింది. ఎల్వీ ప్రసాద్ కేంద్రాలు ఎక్కువగా తెలంగాణలో, కోస్తాలో వెలిశాయి.

వైద్యుడు కానివాడు చూస్తే సరిపోతుందా అన్న సందేహం పెద్దాసుపత్రుల నుంచే వస్తుంది, అది సహజం కూడా. 2016లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశీలన దీన్ని నేరుగా పరీక్షించింది. ముసలితనంలో కంటి నరం మధ్యభాగం చెడి, ఇంజెక్షన్లతో కుదుటపడిన రోగుల ఫొటోలను 48 మంది కంటి వైద్యులకూ, బయట అద్దాల దుకాణాల్లో పనిచేసే 48 మంది ఆప్టోమెట్రిస్టులకూ చూపించారు. జబ్బు తిరగబెట్టిందా లేదా అన్నది చెప్పాలి. వైద్యులు 85.4 శాతం, ఆప్టోమెట్రిస్టులు 84.4 శాతం సరిగా చెప్పారు. దుకాణాల వాళ్ళు కాస్త జాగ్రత్తపరులు, జబ్బు లేనిచోట కూడా ఉందేమోనని పంపడం వాళ్ళలో ఎక్కువ. అయితే ఆ దేశంలో ఆప్టోమెట్రిస్టుకు విశ్వవిద్యాలయ చదువుంది, వీధి చివర దుకాణం ఉంది, కంటి పొరలను ఫొటో తీసే యంత్రం ఉంది. ఆ ఫలితాన్ని ఉన్నపళంగా తనకల్లుకు తెచ్చి అతికించడం కుదరదు. తేలిన మూలసూత్రం మాత్రం ఇక్కడి దృష్టి కేంద్రాల్లో అంతకు ముందే ఆచరణలో ఉంది.

కదిరి సీమకు ఆసుపత్రులు ఆలస్యంగానైనా బాగానే దగ్గరయ్యాయి. పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ 1991 నవంబరులో ప్రారంభమైంది. అక్కడ కంటి విభాగంతో సహా చికిత్సంతా ఉచితం. 1969 నుంచి అనంతపురం సీమలో పనిచేస్తున్న ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టింది. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చింది. తిరుపతిలో అరవింద్ ఆసుపత్రి 2019లో తెరుచుకుంది. కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి అంతకు ముందు నుంచే ఉంది. బెంగళూరు కూడా దూరం కాదు. 2007లో ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో ప్రయోగించినప్పుడు అనంతపురం వాటిలో ఒకటి. ఆపరేషన్ కోసం తనకల్లు మనిషి ఇప్పుడు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఊరి దగ్గరి చూపు మాత్రం పథకాల రూపంలో వచ్చి పోతూ ఉంది. 2008లో 104 వాహనం నెలకోసారి ఊరికి రావడం మొదలైంది. సుగరు, బీపీ మాత్రలు క్రమం తప్పకుండా అందడం కళ్ళకూ మేలే, గాని కంటి నరం చూడడం దాని పని కాదు. 2018లో ఈ-ఐ కేంద్రాల పేరుతో ఆసుపత్రుల్లో నరం ఫొటో తీసి దూరంలో ఉన్న వైద్యుడికి పంపే ఏర్పాటు జరిగింది. మరుసటి ఏడు అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు అనంతపురంలోనే ప్రారంభమైంది. మొదట బడిపిల్లలు, తరువాత 60 ఏళ్ళు దాటిన అవ్వాతాతలు. అవ్వాతాతల విడత 2020 ఫిబ్రవరి 18న కర్నూలులో మొదలై, ఐదు వారాలు తిరక్కుండానే కరోనా లాక్‌డౌన్‌కు చిక్కింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు మొదటి విడతలోనే కోటిన్నర మందిని పరీక్షించింది. ఇవన్నీ గొప్ప జల్లెడలు. లక్షల మందికి దగ్గరి చూపు అద్దాలు చేరాయి, అది చిన్న సంగతి కాదు. జల్లెడ పట్టిన తరువాత మిగిలినవాడిని ఎవరు, ఎన్నాళ్ళు చూస్తారన్నది మాత్రం పథకం గడువుతో పాటే ముగుస్తుంది. నీటికాసులకు గడువు లేదు.

ఇదే కాలంలో ప్రభుత్వం మరో పని చేసి చూపించింది. 2020 ఫిబ్రవరి నుంచి వృద్ధాప్య పింఛను ఒకటో తారీఖున గడప దగ్గరికి వచ్చింది. ఏ ఇంట్లో ఏ ముసలివాళ్ళున్నారో, వాళ్ళు కదలగలరో లేదో అన్న సమాచారం ఊరి సచివాలయం చేతిలో ఉందని దీనివల్ల తేలింది. కంటి చుక్కల చీటీ ఆ జాబితాతో ఎన్నడూ కలవలేదు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో వైద్యుడు నెలకు రెండుసార్లు ఊరికి రావాలని నిర్ణయించారు. ఆపరేషనయిన కంటిని టార్చి వేసి చూడడానికి, ఎర్రబడితే పంపడానికి ఆ రాక సరిపోతుంది.

మిగిలిన అడ్డంకి వైద్యంలో లేదు. వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే ఈ సీమలో శనక్కాయ పోయిన ఏడు పడుచువాళ్ళు బెంగళూరుకో, కేరళకో వలసపోతారు. ఊళ్ళో మిగిలేది అవ్వాతాతలు, చిన్నపిల్లలు. కంటి ఆపరేషనయిన అవ్వ ఒంటరిగా కదిరి బస్సెక్కి, అక్కడ దిగి మరో బస్సు మారలేదు. తోడు రావాలంటే ఒకరి కూలి పోవాలి, ఇద్దరి చార్జీ కావాలి. ఉచిత ఆసుపత్రిలో చికిత్సకు డబ్బు పడదు గాని, చేరడానికి పడుతుంది. వారం తరువాతి చూపు మానుకోవడం నిర్లక్ష్యం కాదు, ఇంటి లెక్క.

యంత్రాల వైపు నుంచి కొంత వెసులుబాటు వస్తోంది. బెంగళూరులోని రెమిడియో వంటి సంస్థలు ఫోనుకు తగిలించి నరం ఫొటో తీసే చిన్న కెమెరాలు తయారుచేశాయి. సుగరు కంటి ఫొటోలను కంప్యూటరు చదవగలదని 2016లో వెలువడిన గూగుల్ పరిశోధనకు మూడు భారతీయ కంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా వాడారు. మండల ఆసుపత్రిలో ఫొటో తీసి పంపితే పెద్దాసుపత్రికి పోవాల్సినవాడెవరో, ఊళ్ళోనే ఉండదగినవాడెవరో అదే రోజు తేలుతుంది. లేజర్, కంటిలోకి ఇంజెక్షన్, రెండో ఆపరేషన్ పెద్దాసుపత్రిలోనే జరగాలి. ఒత్తిడి కొలత, అద్దాలు, చుక్కల మందు సరిగా పడుతోందో లేదో చూడడం, మానేసినవాడి ఇంటికి పోయి అడగడం మండలంలోనే ఆప్తాల్మిక్ అసిస్టెంటూ ఆశా కార్యకర్తా చేయగలిగిన పనులు. 1976లో మొదలైన కార్యక్రమపు ఆలోచనలోనే వీటిలో కొన్ని ఉన్నాయి.